తాగేవాళ్లు లేరని రాసే కాగితం

ఒక వాగును తాగునీటి వనరుల జాబితా నుంచి తీసేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమెరికాలో దానికి చట్టముంది, పద్ధతి ఉంది. ఈ సంగతి చెబితే మన పిల్లలు నవ్వుతారు. వాగు వాగే కదా సారూ, దాని పేరు పక్కన ఏం రాసుకుంటే ఏమిటి అంటారు. రాస్తే ఏమవుతుందో, కొట్టేస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ నియమాలను పాఠం చదివినట్టు మాటమాటా పట్టుకుని చదవాలి. అడవి పక్కన, వాగు ఒడ్డున బతికే మనలాంటి వాళ్లకు అందులో పనికొచ్చేదీ ఉంది, ఒప్పుకోకూడనిదీ ఉంది.

1972 నాటి వాళ్ల స్వచ్ఛ జల చట్టం కింద ప్రతి రాష్ట్రమూ తన నదులు, వాగులు, చెరువులు దేనికి పనికి రావాలో రాసి పెట్టాలి. తాగడానికా, చేపలకా, ఈతకా, పొలానికా, పరిశ్రమకా అన్నది. దీన్ని నిర్దేశిత వినియోగం అనుకుందాం. ఇక్కడ క్రియాపదం చూడండి. పనికొస్తోంది అని కాదు, పనికి రావాలి అని. ఇవాళ నీళ్లు పాడై ఉన్నా, తాగునీరు అని రాసి ఉంటే ఆ స్థాయికి తేవాల్సిందే. అంటే ప్రభుత్వం వాగుకు మాట ఇచ్చిందన్నమాట.

పైన ఉన్న గని గానీ, పట్నపు మురుగు శుద్ధి కేంద్రం గానీ వాగులోకి వదిలే నీళ్లకు హద్దులు ఈ మాటను బట్టే పెడతారు. నైట్రేటునే తీసుకోండి. అక్కడి తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. (మన ప్రమాణం 45 కదా అని సైన్సు టీచర్లు అడుగుతారు. మనం నైట్రేటు మొత్తాన్ని లెక్కిస్తాం, వాళ్లు అందులోని నత్రజనిని మాత్రమే లెక్కిస్తారు. రెండూ దాదాపు ఒకటే.) అది ఎక్కువైన నీళ్లు చంటిపిల్లలకు పడితే రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలమవుతుంది. తాగునీరు అన్న మాట తీసేస్తే ఆ వాగులో ఆ 10కి ఆధారం ఉండదు. శుద్ధి యంత్రాల ఖర్చు తగ్గుతుంది. దరఖాస్తులు ఎందుకు పుడతాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నియమాల్లో మెచ్చుకోవాల్సింది మొదట చెబుతాను. ఎవరో ఒక అధికారి గదిలో కూర్చుని ఆ మాట కొట్టేయలేడు. ముందు జనానికి చెప్పాలి, బహిరంగ విచారణ జరపాలి, కారణం కాగితం మీద పెట్టాలి, కేంద్ర పర్యావరణ సంస్థ ఒప్పుకోవాలి. 1975 నవంబరు 28 తర్వాత ఎప్పుడైనా ఆ వినియోగం నిజంగా ఉండి ఉంటే దాన్ని తీసేయడమే కుదరదు. ఒకసారి తాగిన వాగు తాగే వాగే. ఇది గట్టి రక్షణ.

కానీ ఆ తేదీ రెండు వైపులా కోస్తుంది. అంతకు ముందే ఆనకట్ట కిందో, గని కిందో ఊరు పోయి, తాగేవాళ్లు చెదిరిపోయి ఉంటే? వాళ్ల తాగుడు ఆ లెక్కలోకి రాదు. మనిషిని వాగు దగ్గర నుంచి లేపేశాక, ఇక్కడ తాగేవాళ్లు లేరు అని రాస్తే అది అబద్ధం కాదు. పోలవరం కింద ఊళ్లు వదిలి కాలనీలకు చేరిన కోయలకూ కొండరెడ్లకూ ఈ వాక్యం వెంటనే అర్థమవుతుంది. వదిలి వచ్చిన చెలమ దగ్గరికి ఎవరైనా లెక్కకు పోతే అక్కడ బిందె కనపడదు మరి.

రెండోది నాకు ఇంకా విడ్డూరంగా తోచింది. చేపలు బతకడం, మనుషులు ఈత కొట్టడం అన్న వినియోగాలను తీసేయాలంటే ఆరు కారణాలు రాసి ఉన్నాయి. వాగు సహజంగానే ఎండిపోతుందనో, జరిగిన పాడు ఇక బాగుచేయలేమనో, బాగుచేయాలంటే ఆ ప్రాంతపు బతుకే చితికిపోతుందనో, అందులో ఒక్కటైనా అధ్యయనం చేసి నిరూపించాలి. తాగునీటికి ఆ పరీక్ష లేదు. ఎందుకంటే చట్టం మొదట్లో రాసుకున్న లక్ష్యాల్లో చేపలు, జంతుజాలం, నీటి వినోదం ఉన్నాయి గానీ తాగడం లేదు. 2015లో నియమాలు సవరించాక కూడా, ఈ నీటి ఉపయోగాన్నీ విలువనూ ఆలోచించే ఈ పని చేస్తున్నాం అని సమర్థించుకునే పత్రం ఇస్తే చాలు. నీళ్లు శుద్ధి చేసి కుళాయిలో ఇవ్వడానికి వేరే చట్టం ఉందిలే అన్నది దీని వెనక ఉన్న ధీమా కావచ్చు. కుళాయి దాకా రాని మనిషి ఆ ధీమాలో లేడు.

ఆ వేరే చట్టంలో ప్రజా నీటి సరఫరా అంటే కనీసం 15 కనెక్షన్లు ఉండాలి, లేదా ఏడాదిలో 60 రోజులైనా 25 మందికి నీళ్లివ్వాలి. నాలుగు గడపలవాళ్లు ముంచుకుంటే అది సరఫరా కాదు. దోసిలికి మీటరు లేదు కదా.

ఈ చూపును అక్కడి ఆదివాసులే ఎదిరించారు. న్యూ మెక్సికోలో రియో గ్రాండే నది ఒడ్డున ఇస్లెటా ప్యూబ్లో అనే ఆదివాసీ సమాజం ఉంది. వాళ్ల నేలకు దాదాపు 5 మైళ్ల ఎగువన అల్బుకర్కీ నగరపు మురుగు శుద్ధి కేంద్రం నదిలోకి నీళ్లు వదులుతుంది. 1987 సవరణతో ఆదివాసీ ప్రభుత్వాలను కూడా రాష్ట్రాల్లా గుర్తించే వీలు వచ్చింది. దాన్ని పట్టుకుని ఇస్లెటా వాళ్లు తమ నదికి తామే వినియోగాలు రాసుకున్నారు. అందులో ఒకటి ఆచార వినియోగం: క్రతువుల్లో నదిలో మునగడం, ఆ నీళ్లు నోట్లోకి పోవడం. 1992లో కేంద్ర సంస్థ ఆమోదించింది. నగరం కోర్టుకెక్కింది. 1996లో అప్పీలు కోర్టు ఇస్లెటా ప్రమాణాలనే నిలబెట్టింది, కేంద్రం కంటే కఠినంగా పెట్టుకునే హక్కు వాళ్లకుందని చెప్పింది.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది గెలుపు ఒక్కటే కాదు. సర్కారు జాబితాలో లేని మాటను వాళ్లు జాబితాలోకి ఎక్కించారు. మునగడం, తాగడం, మొక్కడం వాళ్లకు మూడు పనులు కావు. మనకు మాత్రం అవుతాయా? కోయ మాటలో ఏరు అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే పారే వాగు.

మన దగ్గర ఈ దరఖాస్తు గొడవ వినపడదు. తీసేయడానికి ముందు రాసి ఉండాలి కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను ఎ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా చేసింది. క్రిమిసంహారం చేస్తే చాలు తాగవచ్చు అన్నది ఎ తరగతి. ఆ కొలతలు పెద్ద నదులకు అందినట్టు గూడెం వెనక వాగుకు అందవు. 2002 నాటి వాల్టా చట్టంలో ప్రజా తాగునీటి వనరు అన్న మాట ఉంది గానీ, దాని ధ్యాస ఎక్కువగా బావులూ బోర్ల మీద. అందుకని మన వాగు పోయేటప్పుడు అభ్యంతరం చెప్పమని నోటీసు కూడా రాదు.

అలాగని మన చేతిలో ఏమీ లేదనడం తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ పరీవాహక ప్రాంతాలనూ నీటి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మన కుర్రాళ్లు పట్టాల కోసం 3వ సెక్షన్ చదువుతారు, 5 దాకా రారు. గ్రామసభ తీర్మానంలో వాగు పేరు మన మాటలో రాయాలి. ఎన్ని గడపలు తాగుతాయో, పండక్కి ఎక్కడ నీళ్లు ముంచుతారో రాయాలి. తేదీ మాత్రం చూసి వేయండి. వానాకాలంలో కుళాయి పోస్తుంటుంది, వాగు దగ్గర ఎవరూ కనపడరు. ఏప్రిల్, మే నెలల్లో మోటారు ఆగి, ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి బిందె నింపుకునే రోజున సభ పెట్టి, ఆ రోజే సంతకాలు చేయించాలి.