ఒంటరితనాన్ని కొలవబోయిన పరిశోధన

ఇంటర్నెట్ మనుషులను కలుపుతుందా, విడదీస్తుందా? వక్తృత్వ పోటీల్లో ఈ అంశం వినపడని ఏడాది ఉండదు. ప్రాజెక్టు పనికి దీన్నే ఎంచుకునే విద్యార్థులూ చాలామందే. ఒక ప్రశ్నావళి, 40 మంది సహవిద్యార్థులు, రెండు గ్రాఫులు, చివర ‘అతి వాడకం హానికరం’ అన్న నిర్ధారణ. ఆ నిర్ధారణ సర్వే మొదలుకాక ముందే సిద్ధంగా ఉంటుందని మీకూ తెలుసు! ఇదే ప్రశ్నను నిజంగా కొలవబోయి, కొంత సాధించి, కొంత పొరబడిన ఒక పరిశోధనను చూద్దాం రండి.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం 1995, 1996 సంవత్సరాల్లో కొన్ని కుటుంబాలకు కంప్యూటరు, టెలిఫోను లైను, ఇంటర్నెట్ ఉచితంగా ఇచ్చింది. ప్రయోగం పేరు హోమ్‌నెట్. (మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టింది కూడా 1995 ఆగస్టు 15నే.) ఏడాది, రెండేళ్లు గడిచాక 73 ఇళ్లలోని 169 మంది వివరాలను విశ్లేషించి 1998లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో ప్రచురించారు. నెట్ ఎక్కువగా వాడినవారు ఇంట్లోవాళ్లతో మాట్లాడటం తగ్గిందట. పరిచయాల పరిధి కాస్త కుంచించుకుపోయింది. ఒంటరితనం, దిగులు కొద్దిగా పెరిగాయి. ఉత్తరాలు రాసుకోవడానికి పనికొచ్చే సాధనం ఒంటరితనాన్ని పెంచడమేమిటి? అందుకే పరిశోధకులు దీనికి ‘ఇంటర్నెట్ పారడాక్స్’ అని పేరు పెట్టారు. పారడాక్స్ అంటే విరోధాభాస.

ఈ పరిశోధనలో మెచ్చుకోవలసింది ఫలితాన్ని కాదు, కొలతను. ‘రోజుకు ఎంతసేపు వాడతారు?’ అన్న జవాబు మీద వాళ్లు ఆధారపడలేదు. ఆ లెక్క కంప్యూటరే రాసింది. మనుషులు చెప్పే గంటలకూ పరికరంలో నమోదయ్యే గంటలకూ పొంతన అంతంతమాత్రమేనని 2021లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. కనుక ఇది చిన్న విషయం కాదు. పైగా వాళ్లు అదే మనుషులను నెట్ రాకముందూ, వచ్చిన తరువాతా ప్రశ్నించారు. ఒక్కసారే అడిగితే ఏమవుతుంది? నెట్ వల్ల ఒంటరితనం వచ్చిందో, ఒంటరిగా ఉన్నవారే నెట్‌ను ఆశ్రయించారో చెప్పలేం.

మరి లోపం ఎక్కడ? ఎంచుకున్న కుటుంబాల్లో. కొన్ని ఇళ్లు ఉన్నత పాఠశాలలో పాత్రికేయ తరగతులకు వెళ్లే విద్యార్థులవి. మిగిలినవి స్థానిక అభివృద్ధి సంఘాల బోర్డు సభ్యులవి. అంటే ఊళ్లో నలుగురితో బాగా కలిసి తిరిగేవారు! ఒక పరీక్షలో తరగతిలో మొదటి అయిదుగురిని ఏరి, తరువాతి పరీక్షలో చూడండి. కొందరికైనా మార్కులు తగ్గుతాయి. ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. పైగా ఆ పిల్లలు బడి ముగించి కాలేజీకి, వేరే ఊళ్లకు వెళ్లే వయసువాళ్లు. ఇంట్లో మాటలు తగ్గడానికి అదొక్కటి చాలదా? నెట్ ఇవ్వని ఇళ్లను కూడా పక్కన పెట్టుకుని పోల్చి ఉంటే సందేహం తీరేది. అలా పోల్చలేదు. అయినా 1998 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఈ వార్తను మొదటి పేజీలో వేసింది.

ఆ బృందం అక్కడితో ఆగలేదు. అదే ప్రయోగంలో పాల్గొన్న 208 మందిని మూడేళ్లకు మళ్లీ పరిశీలిస్తే, చెడు ప్రభావాలు చాలావరకు కనపడలేదు. 1998-99లో కొత్తగా కంప్యూటరో, టెలివిజనో కొన్న 406 మందిని కూడా పరిశీలించారు. ఈసారి పోలికకు టీవీ కొన్నవాళ్లున్నారన్నమాట. ఇక్కడ నెట్ వల్ల మొత్తం మీద మేలే కనిపించింది. అయితే కలుపుగోలు మనుషులకూ, అండగా నిలిచేవాళ్లున్నవారికీ మేలు ఎక్కువ. ముభావంగా ఉండేవారికి మాత్రం ఫలితం అంత బాగా లేదు. ఉన్నవాడికే మరింత అన్నట్టు! 2002లో ఈ వివరాలన్నీ ప్రచురించారు. తమ నిర్ధారణను తామే మళ్లీ పరీక్షకు పెట్టడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ఇంత మార్పు ఎందుకు వచ్చింది? ఆ కొద్ది సంవత్సరాల్లో నెట్టే మారింది. 1995లో తెర అవతల ఉన్నవారిలో అపరిచితులే ఎక్కువ. తరువాత బంధువులూ స్నేహితులూ అక్కడికి వచ్చారు. ‘ఇంటర్నెట్’ అన్నది ఉష్ణోగ్రతలా ఒకే చలరాశి కాదు. 2007లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 286 మందిపై వెలువడిన అధ్యయనంలో, ఫేస్‌బుక్ ఎక్కువగా వాడేవారికి పాత బడి స్నేహితులతో సంబంధాలు మెరుగ్గా ఉన్నట్టు తేలింది. కానీ అదీ ఒక్కసారి అడిగిన సర్వేయే. ఏది కారణమో, ఏది ఫలితమో అక్కడా తెలియదు.

ఈసారి మీ ప్రాజెక్టులో గంటల లెక్కను ఫోనులోని స్క్రీన్ టైమ్ పట్టీ నుంచి తీసుకోండి. దాని పక్కనే ‘ఎవరితో?’ అని ఒక గడి గీయండి. హాస్టల్లో ఉండి అమ్మతో వీడియోలో గంట మాట్లాడిన అమ్మాయినీ, తెలియనివారి వీడియోలు గంట చూసిన అబ్బాయినీ ఒకే వరుసలో వేయవలసిన అవసరం అప్పుడు ఉండదు. ఆరు నెలల తరువాత అదే పట్టికతో మళ్లీ వాళ్ల దగ్గరకే వెళ్లండి.