బిట్టుకూ బైటుకూ నడుమ

ఒంగోలు, గుంటూరు ప్రాంతాల పత్తి వ్యాపారంలో రైతు అమ్మే గింజపత్తికి ధర క్వింటాళ్ల లెక్కన, జిన్నింగు మిల్లు అమ్మే దూదికి ధర సుమారు 356 కిలోల క్యాండీ లెక్కన నడుస్తాయి గనుక, ఏ అంకె ఏ కొలతదో తెలుసుకోకుండా ఎవరూ బేరానికి దిగరు. ఇంటర్నెట్ వేగం విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఇంకా అలవాటు కాలేదు.

సున్నా లేదా ఒకటి అనే ఒక్క సంకేతం బిట్టు. అటువంటివి ఎనిమిది కలిస్తే బైటు. తీగలో సంకేతాలు ఒకదాని వెనుక ఒకటిగా సాగుతాయి కాబట్టి టెలికాం రంగం వేగాన్ని సెకనుకు ఎన్ని బిట్లని లెక్కించగా, ఫైళ్ల పరిమాణం బైట్లలో స్థిరపడింది. అక్షరాలను కంప్యూటరులో దాచడానికి నేడు విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘ఒంగోలు’ అనే మాట, సున్నాను, గుణింతపు గుర్తులను విడివిడిగా లెక్కిస్తే ఆరు లిపి చిహ్నాలై, ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున 18 బైట్లు, అంటే 144 బిట్లు, ఆక్రమిస్తుంది.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోనులతో పాటు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌ను ప్రకటించింది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లని అర్థం. మెగా అంటే పది లక్షలు. పదిహేనును ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 1.875 మెగాబైట్లు వస్తాయి గనుక, ఒక గిగాబైటు సినిమా దిగడానికి దాదాపు తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆ పదిహేనును మెగాబైట్లుగా భావించినవారు నిమిషం పైచిలుకులో దిగాలని ఎదురుచూస్తారు. సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ప్రతి ప్యాకెట్టూ తన చిరునామాను కూడా మోసుకొస్తుంది కాబట్టి, చేతికందే వేగం ఇంకొంత తగ్గడం సహజమే.

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేగం కూడా బిట్లలోనే ఉంది: 2004లో సెకనుకు 256 కిలోబిట్లు, 2013లో 512, 2023లో 2 మెగాబిట్లు.

ఇంగ్లీషులో చిన్న బి బిట్టుకూ పెద్ద బి బైటుకూ గుర్తు. తెలుగు లిపిలో ఆ భేదం లేనందున ‘ఎంబీ’ అని రాస్తే ఎనిమిది రెట్ల తేడా కంటికి కనిపించకుండా పోతుంది. అందుచేత తెలుగు పత్రికలూ ప్రకటనలూ మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాయడం అవసరం. కేబుల్ ఆపరేటరు ఇచ్చే రసీదు మీద 15 మెగాబిట్ల పక్కనే 1.875 మెగాబైట్లని కూడా అచ్చువేయడానికి ఒక్క పంక్తి చాలు.