మందు కాగితం ఎవరితో మాట్లాడుతోంది?

ఈ వ్యాసంలో నేను విమర్శకు తీసుకున్న రచనకి రచయిత పేరు లేదు. దాన్ని ఏ సభలోనూ ఆవిష్కరించలేదు, ఏ పత్రికా సమీక్షించలేదు. మందు పెట్టెలో ఏడెనిమిది మడతలు పెట్టి ఇమిడ్చిన పల్చటి కాగితం అది. చీమ తలకాయంత అక్షరాలు, మొత్తం ఇంగ్లీషు. ఇంత విరివిగా అచ్చయ్యి ఇంత తక్కువమంది చదివే రచన ఇంకోటి ఉండదేమో. ఇది సాహిత్యం కాదు గదా అనే మిత్రులకి ఒకటే జవాబు. మనిషి ప్రాణం ఆధారపడిన వాక్యాల్ని విమర్శించకుండా, పద్యంలో యతి తప్పిందా లేదా అని చూసే విమర్శ మనకెందుకు?

ముందు జరిగింది చెప్తాను. మా మేనత్త విశాఖలో కాంట్రాక్టు పారిశుద్ధ్య పని చేస్తుంది. పోర్టు పక్కన పాతబస్తీ రోడ్లు. బొగ్గుపొడి, ఇనప ఖనిజం ధూళి, దానిమీద చీపురు. నలభై ఎనిమిదో ఏట చేతివేళ్ళ కీళ్ళు వాచి చీపురు పట్టలేకపోయింది. కీళ్ళవాతం అన్నారు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి కీళ్ళని తింటోందని, దాన్ని అణచడానికి మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజు రెండు మాత్రలు. ఆ మందు పొగరు తగ్గించడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్. చీటీలో ఆ సంగతి ఇంగ్లీషులో రెండు పొట్టి ముక్కలుగా గిలికి ఉంది. మందుల షాపువాడు కావలసినన్ని మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో వేశాడు. పెట్టె, పెట్టెలోని కాగితం షాపులోనే ఉండిపోయాయి. రెండు రకాలూ చిన్న పసుపు మాత్రలే.

అత్త రోజుకి రెండు చొప్పున ఎనిమిది రోజులు మింగింది. మందంటే రోజూ వేసుకునేదే కదా. జ్వరం బిళ్ళా అంతే, బీపీ బిళ్ళా అంతే. తొమ్మిదోరోజుకి నోరంతా పుళ్ళు, గుటక పడదు, ఒంటిమీద నెత్తుటి చుక్కల్లాంటి మచ్చలు. ఆస్పత్రిలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షన్లు చేశారు. పదిహేను రోజులకి బతికి బయటపడింది. ఆ పదిహేను రోజుల్లో ఆమెని ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏమిటంటే: ‘చదువుకోలేదా?’

ఏ ఆస్పత్రి, ఏ షాపు అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ ప్రశ్నే ప్రస్తుతం. అది ప్రశ్నలా వినపడుతుంది గానీ తీర్పు. చదువుని తరతరాలుగా ఎవరికి అందకుండా చేశారో వాళ్ళనే నిలబెట్టి, ఎందుకు చదువుకోలేదని అడగటం. తప్పు చీటీది కాదు, కత్తెరది కాదు, ఒకేలా కనిపించే రెండు మాత్రలది కాదు. మా అత్తది.

నిజానికి ఈ పొరపాటు నిరక్షరాస్యులది మాత్రమే కాదు. అందరూ చదువుకున్న యూరపులో కూడా జనం ఈ వారం మందుని రోజూ మింగి చచ్చిపోయారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2019లో దీనిమీద విచారించింది. అట్టపెట్టెమీద ‘వారానికి ఒకసారే’ అని కొట్టొచ్చినట్టు కనపడే హెచ్చరిక ఉండాలంది, రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలంది, సీసాలో గుమ్మరించకుండా మాత్రలు విడివిడిగా పొదిగిన స్ట్రిప్పుల్లోనే అమ్మాలంది. గమనించండి, అక్కడ మార్చింది పెట్టెని. ఇక్కడ మందలించింది మనిషిని.

ఇక ఆ కాగితాన్ని చదువుదాం. తర్వాత అదే మందు కాగితం ఒకటి సంపాదించి డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ప్రతి రచనా తన పాఠకుణ్ణి ముందే ఊహించుకుంటుంది. ఈ కాగితం ఊహించుకున్న పాఠకుడు ఎవరు? క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకోగలవాడు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళకి దూరంగా ఉండగలవాడు. అంటే సొంత గది ఉన్నవాడు. జ్వరం తగిలితే వెంటనే డాక్టర్ని కలవగలవాడు. అంటే రోజుకూలీ పోనివాడు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడేవాళ్ళు ధూళికి, మురికికి, గుంపుకి దూరంగా ఉండాలన్న సలహా డాక్టర్లూ ఇస్తారు. మా అత్త ఉద్యోగమే ధూళి. ఆమె నివాసం ఒక్క గదిలో ఆరుగురు. మన దేశంలో ఇలాంటి మందులు వాడేవాళ్ళలో లోపల నిద్రపోతున్న క్షయ లేచే ప్రమాదం ఉందని ప్రతి పాఠ్యపుస్తకమూ చెప్తుంది. క్షయ ఎవరి వాడల్లో ఎక్కువగా నిద్రపోతోందో పాఠ్యపుస్తకం చెప్పదు. సైడ్ ఎఫెక్టు మందులో ఎంత ఉంటుందో, మనిషి నిలబడ్డ చోటులో కూడా అంత ఉంటుంది. కాగితం మొదటి సగం గురించే మాట్లాడుతుంది.

కాగితం ఇంగ్లీషులో ఉండటం యాదృచ్ఛికం కాదు. దిగుమతి మందుల రిజిస్ట్రేషన్ కోసం డ్రగ్స్ రూల్సులో రాసుకున్న షెడ్యూల్ డి(2), పెట్టెలోని కాగితం ఇంగ్లీషులో ఉండాలనే చెప్తుంది. యూరపులో 2001 నాటి చట్టం ప్రకారం ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో కాగితం ఉండి తీరాలి. మందు పేరు గుడ్డివాళ్ళ కోసం బ్రెయిలీలో కూడా ఉండాలి. విశాఖ పక్కన పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో తయారయ్యే మందులు, మందుల ముడిసరుకులు దేశదేశాలకి పోతాయి. వాటిని వండే రియాక్టర్ల దగ్గర నిలబడేవాళ్ళలో మన పిల్లలున్నారు. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ సరుకుతో చేసిన మాత్ర జర్మనీ పోతే జర్మన్‌లో మాట్లాడుతుంది, పోర్చుగల్ పోతే పోర్చుగీసులో మాట్లాడుతుంది. పరవాడ నుంచి పాతబస్తీకి వస్తే మాత్రం మూగది.

డాక్టర్ల వైపు నుంచి ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అన్నీ చెప్తే భయపడి మందు మానేస్తారు అంటారు. నిజమే, మానేస్తారు. స్టీలు ప్లాంటు కోసం భూమి పోయిన ఊళ్ళ నుంచి వచ్చిన ఒకాయన నాకు తెలుసు, కాంట్రాక్టు కార్మికుడు. భార్య ఇచ్చిన కిడ్నీ పెట్టారు. సైక్లోస్పోరిన్‌తో చిగుళ్ళు ఉబ్బాయి, ఒంటినిండా వెంట్రుకలు లేచాయి. ప్రెడ్నిసొలోన్‌తో ముఖం చంద్రబింబంలా అయింది. వీధిలో వాళ్ళు ‘బాగా ఒళ్ళు చేశావే’ అని మెచ్చుకునేవాళ్ళు. ఆయనకి సిగ్గు. షుగరు కూడా వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు తగ్గించేశాడు. ఏడాది తిరక్కుండా కిడ్నీ పోయింది, మళ్ళీ డయాలిసిస్. స్టెరాయిడ్‌ని ఉన్నట్టుండి ఆపితే అదే ప్రాణం మీదికి తెస్తుందని కూడా ఆయనకి తెలీదు. అయితే ఆయన మానేసింది చెప్పినందుకా, చెప్పనందుకా? ముఖం ఉబ్బుతుంది, కొన్నాళ్ళకి మోతాదు తగ్గిస్తే అదీ తగ్గుతుంది, చిగుళ్ళకి ఇంకో మందు మార్చవచ్చు అని ముందే చెప్పి ఉంటే ఆయన డాక్టరు దగ్గరికి పోయి అడిగేవాడు. అడగడానికి తనకి హక్కుందని తెలీని మనిషికి మిగిలేది మానెయ్యడమే. ఆ తర్వాత కేసు షీటులో ‘మాట వినని పేషెంటు’ అని ఇంగ్లీషులో రాస్తారు. క్షయ కార్యక్రమంలో మధ్యలో మందు ఆపినవాణ్ణి చాలాకాలం ‘డిఫాల్టర్’ అన్నారు. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి కూడా అదే మాటంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ మాట మార్చింది. మన దగ్గర నోళ్ళలో ఇంకా పోలేదు.

అలాగే 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు పేపర్లనిండా ఒక పదబంధం: ‘స్టెరాయిడ్ల విచ్చలవిడి వాడకం’. ఆ సంవత్సరం జూన్ చివరికే దేశంలో 40 వేలకి పైగా కేసులు. అందులో కర్త ఎవరో చూడండి. కనపడడు. రాసిందెవరు, అమ్మిందెవరు, ఎన్ని రోజులు వాడాలో చెప్పనిదెవరు? వ్యాకరణం అందర్నీ తప్పించి, మింగినవాడొక్కణ్ణే నిలబెట్టింది.

తెలుగులో ఈ పని ఎవరూ చేయలేదని కాదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన ‘వైద్యుడు లేనిచోట’, స్త్రీవాద మిత్రులు కూర్చిన ‘సవాలక్ష సందేహాలు’ మనకి పెద్ద ఆస్తి. మందు ఎప్పుడు వాడాలో చెప్పి ఊరుకోకుండా ఎప్పుడు వాడకూడదో కూడా మామూలు మనిషికి చెప్పవచ్చని అవి రుజువు చేశాయి. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగిస్తున్న ఆడవాళ్ళకి అది ప్రయోగమని కూడా సరిగా చెప్పలేదని బయటపెట్టి, తర్వాతి ఏడాది సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. అయినా పాతికేళ్ళ తర్వాత ఖమ్మం జిల్లాలో ఏమైంది? 2009లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలుపెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పిల్లల చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీ అంది. ఆ వాదనలోకి నేను పోవటం లేదు, నేను చూసేది అంగీకార పత్రాన్నే. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు. హాస్టల్లో ఉండేది ఎవరి పిల్లలో పాఠకులకి చెప్పక్కర్లేదు. తల్లిదండ్రుల గొంతుని వార్డెను సంతకం మింగేసింది.

ఇప్పుడు ప్రభుత్వానికి మందుల దుష్ఫలితాల్ని నమోదు చేసే కార్యక్రమం ఉంది, 2010లో మొదలైంది. రోగులే నింపి పంపే ఫారం తెలుగులో కూడా ఉంది. 1800-180-3024 అని ఫోను నంబరూ ఉంది. మంచిదే, వాడండి. కానీ ఆ ఫారం మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ అడుగుతుంది. కత్తెర పడ్డ స్ట్రిప్పు ముక్కమీద ఆ రెండూ ఉంటే అదృష్టం. ఇంకో తమాషా. దెబ్బ తగిలాక చెప్పుకోవడానికి తెలుగు ఉంది, తగలకముందు హెచ్చరించడానికి లేదు.

తెలుగు అంటే ఏ తెలుగు అన్నది అసలు గొడవ. ఇమ్యూనోసప్రెసెంట్‌ని ‘వ్యాధినిరోధకశక్తి నిరోధకం’ అని రాస్తే ఒక పరాయి భాష పోయి ఇంకో పరాయి భాష వచ్చినట్టు. నిరోధానికి నిరోధమేమిటో పండితుడికైనా అర్థమవుతుందా? డిశ్చార్జి అయ్యాక ఒక జూనియర్ డాక్టరమ్మ అత్త మంచం పక్కన కూచుని చేతులు ఆడిస్తూ పది నిమిషాలు చెప్పింది. అంతా విని అత్త అంది: ‘అయితే నా ఒళ్ళు నామీదే తిరగబడ్డాదన్నమాట. దాన్ని కూకోబెట్టడానికి ఈ బిళ్ళ. మరీ కూకోబెట్టీసినాను, అందుకే నోరు పుండైపోనాది.’ ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నాకు ఏ కాగితంలోనూ దొరకలేదు.

మన ఉద్యమంలోనే కొందరికి ఈ డిమాండు నచ్చదు. ఇంగ్లీషు మన విముక్తి భాష అంటుంటే మళ్ళీ తెలుగు కాగితం అడుగుతావేమిటి అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. మన పిల్లలకి ఇంగ్లీషు మీడియం కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అత్త మనవరాలు ఇంగ్లీషు మీడియంలోనే చదువుతోంది. అది చదివి పెద్దదయ్యేదాకా అత్త మాత్ర ఆగదు. రెండూ ఒకేసారి అడగకూడదని ఎవరన్నారు? మెడికల్ సీట్లలో రిజర్వేషన్ల కోసం ఇంత పోరాడినవాళ్ళం, ఆ సీటులో కూచున్న మన డాక్టరు మన అత్తతో ఏ భాషలో మాట్లాడుతున్నాడో అడగలేదు. ఇది నాకూ తగులుతుంది. ఎమ్మే చదివి, పరిశోధన చేస్తూ, వారం రోజులు అదే ఇంట్లో అన్నం తిని వచ్చినవాణ్ణి. గూట్లో ఉన్న ఆ చీటీ తీసి ఒక్కసారి చూడలేదు.

ఇప్పుడు అత్త ఆ మాత్రలు ఆదివారం చర్చి నుంచి వచ్చాక వేసుకుంటుంది. ఫోలిక్ బిళ్ళ బుధవారం. రెండిటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టింది, ఆదివారం డబ్బా మూతమీద మనవరాలి చేత ఎర్ర పెన్నుతో సిలువ గీయించింది. పోయిన నెల రక్తపరీక్ష క్యూలో తన వెనక నిలబడ్డ ముసలమ్మ చేతిలో అదే పసుపు మాత్రలు చూసిందట. ‘ఎన్నిరోజులకోపాలి ఏస్తన్నావే అప్పా?’ అని అడిగింది. రోజూ అంది ముసలమ్మ. అత్త క్యూ వదిలేసి ఆమెని చెయ్యి పట్టుకుని డాక్టరు గదిలోకి తీసుకుపోయింది.