జాడీ నిండా ఆరా

అబ్బ, ఏమి ఎరుపు! చిత్రకారుడు కె.హెచ్. ఆరా పూలబొమ్మ ముందు నిలబడితే నోట మొదట వచ్చే మాట ఇదే. పారాణి పెట్టిన పాదంలా ఇంకా తడితడిగా ఉండే ఎరుపు. దాని పక్కన పసుపు, ఆ పక్కన చిక్కటి నీలం. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఓ పట్టాన కుదుటపడవు. చూపునూ కుదుటపడనివ్వవు!

పువ్వు పేరు మాత్రం అడగకండి. చామంతో, డాలియానో తేల్చుకునేలోపే రేకులు కరిగి రంగు బరువొక్కటే మిగులుతుంది. నీటిరంగు అంటే పలచగా, కాగితం తెలుపు తొంగిచూసేలా పుయ్యడమే మనకు అలవాటు. ఆరా దాన్ని తైలవర్ణంలా మందంగా మెత్తాడు. బల్ల మనమీదికి వాలుతుంది, జాడీ నిలదొక్కుకుంటుంది, గుత్తి చట్రం అంచుల్ని తోసుకుంటూ విచ్చుకుంటుంది. అందులో ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ నీడ కనిపిస్తే కనిపించనీ, ఆ వేడి మాత్రం అచ్చంగా మన దక్కను ఎండది!

అవును, మనవైపు మనిషే. 1914లో సికింద్రాబాదు పక్క బొల్లారంలో ఓ కారు డ్రైవరు ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే బొంబాయి పారిపోయి కార్లు తుడిచాడు, ఇళ్ళల్లో పనికి కుదిరాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళాడు. 1947లో సౌజా, రజా, హుసేన్‌లతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ కట్టాడు. 1952లో ‘టూ జగ్స్’ బొమ్మకు బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం వచ్చింది.

అసలు మన ఇళ్ళల్లో పువ్వుకు జాడీ ఎక్కడిది? పువ్వు ఉంటే జడలో, లేకపోతే దేవుడి పటం మీద. దాన్ని నీళ్ళల్లో నిలబెట్టి చూసుకోవడం దొరల బంగళాల ముచ్చట. ఆ జాడీ కడిగేదీ, నీళ్ళు మార్చేదీ పనివాడు. ఆరా పూలను చూసినప్పుడల్లా అవి సోఫాలో కూర్చున్నవాడి కంటికి కాక, నీళ్ళు పోసిన చేతికి కనిపించిన పూలని నాకు తోస్తుంది. పొందికగా అమర్చిన గుత్తి కాదది. దొరికినన్ని దొరికినట్టు కుక్కేసిన ఆత్రం. ఎంత అందమైన ఆత్రం! పాత డచ్చి చిత్రకారులైతే రాలిన రేకునో, పాకే పురుగునో పెట్టి చావును గుర్తుచేసేవారు. ఈ పూలకు రేపటి దిగులే లేదు.

ఇలాంటివి ఆయన చాలానే వేశాడు. కొన్నింట్లో చెయ్యి అలవాటుగా నడిచింది, రంగు ముద్దకట్టింది. వాటిని దాటేయండి. 1950ల నాటివి కనబడితే మాత్రం ఆగండి. ఆ దశాబ్దంలోనే, 1957లో, విశాఖలో మా మల్కాపురం పక్కన కాల్టెక్స్ చమురు రిఫైనరీ మొదలైంది. గొట్టాల కొసన చమురుమంట చూస్తూ పెరిగిన కళ్ళు మావి. లేతరంగులు అంత తొందరగా ఆనవు. ఆరా ఆనతాడు! మీరు చూసేటప్పుడు రెండడుగులు వెనక్కి జరగండి. పూల మధ్య ఎక్కడో ఓ తెల్లటి మెత్తు ఉంటుంది, చూపును అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. మిగతా రంగులు వాటంతటవే వచ్చి మీదపడతాయి.