ఇంట్లో రాగులున్నాయా?

కష్టకాలానికి ఇంట్లో ఏం దాచుకోవాలని ఎవరడిగినా మడకశిరలో నా జవాబు ఒకటే: రాగులు. బియ్యం వద్దనను. కానీ బియ్యం బస్తా కొన్ని నెలలు మూలన పడితే ముక్కుపురుగు పడుతుంది. ఆ పురుగు గింజను తొలిచి గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలే తిని పెరుగుతుంది. ఆవగింజంత రాగిలో దానికి చోటెక్కడిది? పైగా తోలు గట్టిది. బాగా ఎండిన రాగులు ఏళ్ల తరబడి నిలవుంటాయి.

పెద్దలు ఇది తెలిసే పాతర్లు తవ్వారు. గట్టి నేలలో గుంత తీసి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, గింజ పోసి మట్టితో మూసేవాళ్లు. తెరిచిన వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు, లోపల గాలి చెడి ఉంటుంది గనుక. చాలాసేపు వదిలేసి, దీపాన్ని తాడుకు కట్టి దించేవాళ్లు. అది ఆరిపోతే ఇంకా ఆగాల్సిందే. 1876-78 నాటి మహాకరువు చూసిన సీమ మనది. గింజ దాచే ఆ జాగ్రత్త ఊరికే రాలేదు.

తర్వాత శెనక్కాయ వచ్చింది, రాగి చేలు తగ్గాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఇళ్లలో అది ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయను. అయితే అమ్మే పంట చేలో, కొన్న గింజ ఇంట్లో ఉంటే, వాన తప్పిన ఏడు రెండు చేతులూ ఖాళీ.

దాచేది రోజూ తినేదై ఉండాలి. అటక మీద పెట్టి మరిచిపోతే, అవసరమొచ్చిన రోజు పిల్లలు ముట్టరు. అందుకే ఇప్పటి నుంచే రాగిముద్ద అలవాటు చేయండి. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, మూతపెట్టి మగ్గనివ్వాలి. ఆ తర్వాతే గెలకాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. తడిచేత్తో ముద్ద చేసి, శెనక్కాయల ఊరిబిండితోనో అనపగింజల పులుసుతోనో పెడితే పిల్లలు ఇంకో ముద్ద అడుగుతారు. బలానికీ లోటు లేదు: నూరు గ్రాముల రాగుల్లో పిండిపదార్థం 65 గ్రాములకు పైనే. కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పది దగ్గరే.

పిండి మాత్రం నిలవ చేయకండి, కమురు వాసన వస్తుంది. రెండు మూడు వారాలకు చాలినంతే మిల్లులో ఆడించుకోండి. సంక్రాంతి నాటికి కొత్త రాగులొస్తాయి. ఒక బస్తా కొని, మళ్లీ ఎండబెట్టి, వేపాకు వేసి మూత బిగించండి. పాతవి ముందు వాడండి. చెక్క భూమి ఉన్నవాళ్లు, వచ్చే వానలకు ఇంటి మటుకైనా రాగి వేయండి.