వార్తాజాలపుటల రూపరచన: సోలాపురపు నేతవాడల పాఠకులు

సోలాపురము తూర్పుభాగమునందలి పద్మశాలీల పూర్వులు తెలంగాణమునుండి వలసవచ్చినవారు. ఇంట తెలుగు పలుకుచు, బడిలో మరాఠీ చదివిన వారనేకులు తెలుగు లిపిని కూడబలుకుకొని చదువవలసినవారే. తెలుగు వార్తాజాలపుటల గుణదోషములను ఇట్టి పాఠకుని కంటితో పరీక్షించుట న్యాయము.

'ఈనాడు' జాలపుట తొలిదశలో తన సొంత ఫాంటునే వాడెను. అది లేని కంప్యూటరుపై అర్థములేని గుర్తులు కన్పట్టెడివి. 1991 నాటి యూనికోడు తొలికూర్పుననే తెలుగునకు స్థానము లభించినను పత్రికలు దానికి మారుటకు చాలకాలము పట్టినది. ఆ చిక్కు తీరినది.

తీరనిది వరుసల యెడము. రోమను లిపికి సరిపడు యెడము తెలుగునకు చాలదు. 'రాష్ట్రము' అనుచో 'ష' క్రింద ట వత్తును, క్రారవడియు చేరును. అవి క్రింది వరుస గుడులను తాకినచో కూడబలుకువాడు అచ్చటనే ఆగిపోవును. పెద్ద శీర్షికలకు చూపు శ్రద్ధ చిన్న అక్షరములకు చూపకుండుట విచారకరము.

జకార్డు నేతలో దుప్పటి నమూనాను ముందుగా గళ్ళకాగితముపై గీయుదురు. అంచు అంచుగానే నిలుచును. జాలపుటలోనో, ప్రకటన ఆలస్యముగా వచ్చి వార్త నడుమ దూరగా, చదువుచున్న వరుస క్రిందికి జారును. నేతగాడు ఇట్టి బట్టను అంగడికి పంపడు.

స్థానికవార్తలను సాధారణముగా జిల్లాల వారీగా అమర్చుచున్నారు. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుండి 31 అయినవి. తాతల యూరు ఇప్పుడే జిల్లాలో నున్నదో యెరుగని సోలాపురవాసికి ఆ పట్టిక యేమి దారి చూపును? ఊరిపేరుతో వెదకు గడిని పుట మొదటనే యుంచవలసియున్నది.