గిరాకి: జనం చెక్కిన మాట

పాలకుర్తిలో సోమేశ్వరుని గుట్ట కింద ఏ దుకాణంలోనైనా వ్యాపారం ఎట్లున్నదని అడగండి. "ఇయ్యాల గిరాకి మంచిగున్నది" అనో, "పొద్దటి సంది ఒక్క గిరాకి రాలే" అనో జవాబొస్తుంది. మొదటి మాటలో గిరాకి అంటే అమ్మకాల జోరు, రెండో మాటలో కొనే మనిషి. కోస్తా తెలుగులో మొదటి అర్థమే ఎక్కువ. తెలంగాణ రెండింటినీ నిలుపుకుంది. ఇంత చిన్న మాటలో ఇంత పనితనం ఎట్లా కుదిరిందో విప్పి చూడాల్సిందే.

మూలం సంస్కృత 'గ్రాహకుడు', అంటే తీసుకునేవాడు. హిందీలో అది 'గాహక్', మరాఠీలో 'గిర్హాయీక్' అయింది. మన మాట మరాఠీ రూపానికే దగ్గర. మరాఠీ జిల్లాలూ తెలంగాణా నిజాం ఏలుబడిలో కలిసి ఉన్నవే కాబట్టి, బేరసారాల వెంట అటునుంచే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. 'గ్ర' పలకడం కష్టమని మధ్యలో ఇకారం చేర్చారు. 'శ్రీ' మన నోట 'సిరి' అయిందీ, 'ప్రియం' 'పిరం' అయిందీ ఈ తీరునే. మరాఠీ ఉంచుకున్న హకారాన్ని తెలుగు వదిలేసింది. హల్లుతో ఆగిపోయే మాట మనకు పొసగదు, అందుకే చివర అచ్చు వచ్చి కూర్చుంది. ఏ పండితుడూ సూత్రం రాయలేదు, అంగడిలో నోళ్లే చేసిన పని ఇది.

అర్థంలో ఇంకా లోతుంది. మన 'కొను'కు పాత అర్థం కూడా తీసుకోవడమే. తెచ్చుకొను, పట్టుకొను అనడంలో అది ఇప్పటికీ బతికే ఉంది. లాటిన్‌లో కొనడాన్ని చెప్పే 'ఎమెరె' సైతం మొదట తీసుకోవడమే. ఇంగ్లీషు 'కస్టమర్' దారి వేరు: అలవాటును చెప్పే మాట నుంచి పుట్టింది. అలవాటుగా వచ్చేవాణ్ని మన దుకాణదారు "పాత గిరాకి" అంటాడు, ఆ ముచ్చటా తీరిపోయింది.

గిరాకికి బదులు రాసే 'కొనుగోలుదారు', 'వినియోగదారు' రెండింటికీ పారసీ 'దారు' తోక ఉంది. కాగితం మీద పనికొస్తాయి, బేరం దగ్గర ఎవరి నోటా రావు.

పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. కాకతీయుల కాలంలోనే జాను తెనుగును నెత్తికెత్తుకొని, దేశి ద్విపదలో బసవపురాణం రాసిన కవి ఆయన. ఆ ఊరివాళ్లు రోజూ వాడే మాట పత్రికకు, పాఠ్యపుస్తకానికి తగదనడం సరికాదు. వార్త రాసేవాళ్లూ, పాఠం చెప్పేవాళ్లూ 'గిరాకి'ని కొనేవాడన్న అర్థంలోనూ ధైర్యంగా రాయండి.